చెన్నై తెలుగువాళ్ళలో మహమ్మారి భయాన్ని కొలిచే ప్రశ్నావళి: ముసాయిదా చూసి తప్పులు చెప్పండి

పోరూరు పీజీ:

అందరికీ నమస్కారం. మళ్ళీ 2020 లాంటి రోజులొస్తే జనం ఎంత ఆందోళనలో ఉన్నారో వారం వారం కొలిచేందుకు ఒక ప్రశ్నావళి ముందే సిద్ధం చేసి పెట్టాలన్నది నా పీజీ థీసిస్. చెన్నైలోని తెలుగువాళ్ళ కోసం. ఆందోళనని కొలిచే ఏడు ప్రశ్నల జీఏడీ-7 ఉంది కదా అంటారేమో. అది ఏ కారణంతో వచ్చిన ఆందోళననైనా పట్టుకుంటుంది గానీ అందులో మహమ్మారి వాటా ఎంతో చెప్పదు. కరోనా భయాన్ని కొలిచేందుకు 2020లో వచ్చిన ఎఫ్‌సీవీ-19ఎస్ (7 వాక్యాలు), సీఏఎస్ (5 వాక్యాలు) చూశాను. రెండూ కరోనాకే కట్టుబడినవి. ఆస్పత్రిలో పడక దొరకదేమో, కూలి పోతుందేమో అన్న భయాలు వాటిలో లేవు.

24 వాక్యాలు రాశాను. "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అస్సలు ఒప్పుకోను" దాకా ఐదు మెట్లు. గూగుల్ ఫామ్‌లో పెట్టి తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో పంపాలని ఆలోచన. మచ్చుకి ఏడు:

1. మహమ్మారి పట్ల నేను తీవ్ర ఆందోళనకు లోనవుతున్నాను.
2. నాకు గానీ నా కుటుంబసభ్యులకు గానీ వ్యాధి సంక్రమిస్తుందని భయపడుతున్నాను.
3. నేను తరచుగా చేతులు శుభ్రపరచుకుంటున్నాను.
4. ఊపిరాడనట్టు, గుండె వేగంగా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తోంది.
5. బయటికి వెళ్ళడానికి నాకు భయం లేదు.
6. వార్తలు చూడకుండా ఉండలేకపోతున్నాను.
7. ఆస్పత్రిలో పడక దొరకదని, ఉపాధి పోతుందని దిగులుగా ఉంది.

నిపుణులు ఎంతమంది కావాలి? శాంపిల్ ఎంత? ఆల్ఫా (వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) 0.9 దాటితే చాలా? కటాఫ్ (ఏ స్కోరు దాటితే సమస్య ఉన్నట్టో చెప్పే గీత) ఎలా పెట్టాలి?

అణ్ణానగర్ మనోవైద్యం:

లెక్కలు, మాటలు మిగతావాళ్ళు చూసుకుంటారు. నా అభ్యంతరం అంతకంటే ముందే ఉంది. మీరు కొలవాలనుకున్నది ఆందోళననా, జాగ్రత్తనా, జబ్బు లక్షణాలనా? ఈ ఏడింటిలో మూడూ కలగాపులగంగా ఉన్నాయి.

మూడో వాక్యం తీసేయండి. చేతులు కడుక్కోమని ప్రభుత్వమే రోజూ మొత్తుకునే కాలంలో కడుక్కునేవాడు బుద్ధిమంతుడే గానీ రోగి కాదు. దానికి మార్కులు వేస్తే చెప్పిన మాట విన్నవాళ్ళంతా "తీవ్ర ఆందోళన" గంపలో పడతారు. ప్రవర్తన గురించి అడగాలనుకుంటే అవసరాన్ని మించినదే అడగాలి. ఒంట్లో ఏమీ లేకపోయినా రోజులో పదేసిసార్లు థర్మామీటర్ పెట్టుకోవడం, ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకుండా మళ్ళీ వేలు పెట్టడం లాంటివి. అప్పుడూ ఒక మెలిక ఉంది. ఇంట్లో పాజిటివ్ మనిషి ఉంటే అది డాక్టరు చెప్పిన పనే అయివుంటుంది. అందుకని ఇంట్లో ఎవరికైనా జబ్బు వచ్చిందా అన్నది మొదటి పేజీలోనే అడిగి ఉంచుకోండి.

నాలుగోది ఇంకా ప్రమాదం. శ్వాసకోశ జబ్బు ఊరంతా తిరుగుతున్నప్పుడు ఊపిరాడకపోవడం, గుండె దడ, నీరసం అనేవి జబ్బుకీ లక్షణాలే, భయానికీ లక్షణాలే. జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్ళకి స్కోరు ఊరికే పెరిగిపోతుంది. దీనికి విరుగుడు సందర్భాన్ని వాక్యంలోనే కట్టేయడం. సీఏఎస్ ఆ పనే చేసింది. తల తిరిగినట్టు అనిపించిందా అని ఊరికే అడగదు, కరోనా వార్తలు చదివినప్పుడో విన్నప్పుడో తిరిగిందా అని అడుగుతుంది. మీరూ "జబ్బు మాట వినగానే గుండె దడదడలాడింది" అని రాయండి. ఊపిరి సంగతి మాత్రం వదిలేయండి. షరతు పెట్టినా జనం దాన్ని విడదీసి చెప్పలేరు.

వాక్యాలు రాసేముందు ఒక కాగితం మీద గళ్ళు గీయాల్సింది. అడ్డంగా భయాలు: తనకు సోకడం, ఇంట్లోవాళ్ళకి సోకడం, వైద్యం అందకపోవడం, బతుకుతెరువు, వీధిలో వెలివేసినట్టు చూడటం, వార్తల పోటు. నిలువుగా అవి బయటపడే చోట్లు: ఆలోచన, ఒళ్ళు, నిద్ర, పని. గడికి రెండేసి రాసినా 48 వస్తాయి, అతకనివి వదిలేస్తే 40 మిగులుతాయి. అక్కణ్ణుంచి కొట్టేసుకుంటూ 12–15కి దిగాలి. 24తో మొదలుపెట్టి 24తోనే తేలతానంటే కుదరదు. ఆ గళ్ళు నింపడానికి పుస్తకాలు తిరగెయ్యడం కంటే 6–8 మంది చొప్పున నాలుగైదు బృందాలతో మాట్లాడటం మేలు. కొత్త సంగతి రావడం ఆగిపోయిందంటే చాలు.

ఉపాధి గురించి ఒక మాట. కూలి అప్పటికే పోయినవాడికి "కూలి పోతుందేమో" అన్నది ఆందోళన కాదు, జరిగిన విషయం. ఆ గడిలోని వాక్యాలని విడి ఉపస్కోరుగా ఉంచండి. మొత్తంలో కలపాలో వద్దో తర్వాత కారకాల విశ్లేషణ (ఏ వాక్యాలు ఒక గుంపుగా కదులుతున్నాయో, అంటే ఒకే కారకం కిందికి వస్తాయో చూసే లెక్క) చెబుతుంది.

ప్రశ్నల పేటి:

తెలుగు గురించి నా వంతు. అసలు "ఆందోళన" అనే మాటే మొదటి చిక్కు. పేపర్లో "కార్మికుల ఆందోళన" అని చదివే జనానికి అది ధర్నా కూడా. పైగా "తీవ్ర ఆందోళనకు లోనవుతున్నాను" అని నోటితో అనే మనిషి నెల్లూరులోనే దొరకడు, చెన్నైలో ఎక్కడ దొరుకుతాడు? జనం అనేవి: భయమేస్తోంది, గాబరాగా ఉంది, కంగారు, దిగులు, బెంగ, టెన్షన్, మనసు మనసులో లేదు, కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఇవన్నీ ఒకటి కావు. దిగులు విచారం వైపు ఒరుగుతుంది, దాంతో అడిగితే మీరు కుంగుబాటును కొలిచేస్తారు. బెంగ దూరంగా ఉన్నవాళ్ళ కోసం పడేది. కంగారులో తొందరపాటు కూడా ఉంది. మీకు పనికొచ్చేవి భయం, గాబరా, గుండె దడ. టెన్షన్ అందరికీ తెలిసిన మాటే గానీ ఆఫీసు చాకిరీకి కూడా అదే మాట వాడతారు కాబట్టి కారణం పక్కనే రాయాలి. ఇంగ్లీషు స్కేళ్ళ నుంచి తెచ్చేటప్పుడు నెర్వస్ అన్నదాన్ని నరాలతో ముడిపెట్టకండి. గోడల మీది ప్రకటనల పుణ్యమా అని "నరాల బలహీనత" అంటే మగవాళ్ళకి వేరే సంగతి గుర్తొస్తుంది.

2, 7 వాక్యాల్లో ఒక్కో సంచిలో రెండేసి ప్రశ్నలు. తన గురించి భయం లేక, మంచాన ఉన్న తల్లి గురించి మాత్రం భయపడే మనిషి రెండోదానికి ఏమని చెప్పాలి? విడగొట్టండి.

ఐదోది తెలుగులో అసలు పనిచేయదు. "మీకు భయం లేదా?" అంటే "ఆఁ" అన్నవాడు లేదంటున్నాడా, ఉందంటున్నాడా? "లేదు" అన్నా అదే తంటా. ఇలా తిరగేసిన వాక్యాలు నాలుగు పెడితే విశ్లేషణలో అవన్నీ కలిసి ఒక కొత్త కారకంలా కనిపిస్తాయి. నిజానికి అది వాక్యం తీరు తప్ప భయం తీరు కాదు. అన్నీ ఒకే దిశలో రాయండి. చూడకుండా టిక్కులు కొట్టేవాళ్ళని పట్టడానికి "ఈ వరుసలో 'ఒకటి రెండు రోజులు' దగ్గర టిక్కు పెట్టండి" అని మధ్యలో ఒక తనిఖీ వాక్యం వేస్తే సరి. ఆరోదానిలోనూ రెండు వ్యతిరేకాలు ఉన్నాయి.

ఎవరూ పట్టించుకోనిది "మీరు". మన్నించి పిలిచే మీరూ, పదిమందిని కలిపి పిలిచే మీరూ తెలుగులో ఒకటే. "మీకు భయంగా ఉందా?" అంటే "మాకేం భయం లేదమ్మా, మా ఇంట్లో అందరం బానే ఉన్నాం" అని ఇంటి తరఫున జవాబొస్తుంది. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి "ఇంట్లోవాళ్ళ సంగతి కాదండీ, మీ ఒక్కరి మనసులో మాట చెప్పండి" అని అడిగేవాళ్ళ చేత చదివించండి.

ఒప్పుకుంటాను, ఒప్పుకోను తీసేయండి. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట కాదనలేక అన్నిటికీ ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. పైగా వారం వారం మారే స్థితిని అభిప్రాయంగా అడగడం తప్పు. గత 7 రోజుల్లో ఎన్ని రోజులు అని అడగండి: అసలు లేదు, 1–2 రోజులు, 3–4 రోజులు, 5–7 రోజులు. 0 నుంచి 3. "తరచుగా", "అప్పుడప్పుడు" ఒక్కొక్కరి నోట ఒక్కో కొలత.

మచ్చుకి మార్చి రాస్తే: "జబ్బు నాకు అంటుకుంటుందేమోనని భయమేసింది." "వద్దనుకున్నా జబ్బు సంగతే బుర్రలో తిరిగింది." "జబ్బు గురించి ఆలోచిస్తూ పడుకుంటే నిద్ర పట్టలేదు." "జబ్బు చేస్తే ఆస్పత్రిలో పడక దొరకదేమోనని గాబరా పడ్డాను." సంక్రమించడం, శుభ్రపరచుకోవడం లాంటి మాటలు ఒక్కటీ మిగలకూడదు.

రాశాక నేరుగా సర్వేకి పోకండి. 6–8 మంది చొప్పున మూడు విడతలు కూర్చోబెట్టి ఒక్కో వాక్యానికి మూడు సంగతులు అడగాలి: ఇది మీ మాటల్లో చెప్పండి, జవాబిచ్చేటప్పుడు ఏ రోజులు గుర్తొచ్చాయి, 1–2 కాకుండా 3–4 ఎందుకన్నారు. ఒక విడతలో ఇద్దరు ఒకే చోట తడబడ్డా వాక్యం మార్చి తర్వాతి విడతకి వెళ్ళాలి. చెన్నైలో పుట్టిన తెలుగువాళ్ళు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు, చిత్తూరు వైపువాళ్ళు విడివిడిగా ఉండేలా చూసుకోండి.

పోరూరు పీజీ:

ఐదో వాక్యం గురించి మీరు చెప్పాక తల పట్టుకున్నాను, 24లో ఆరు అలాంటివే. రెండు సందేహాలు. వెనక్కి అనువాదం (అనువదించినదాన్ని మళ్ళీ మూలభాషలోకి తేవడం) చేయించాలా? గూగుల్ ఫామ్ చాలదా?

సర్వే సంచి:

చాలదు. చెన్నైలో తెలుగు మాట్లాడేవాళ్ళు అందరూ తెలుగు చదవగలరనుకోవడం దగ్గరే పథకం తప్పుతుంది. తరాలుగా ఇక్కడున్న ఇళ్ళల్లో పిల్లలు తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు, బోర్డు మీద తమిళం. పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మహమ్మారిలో ముందు వరసలో నిలబడ్డది వాళ్ళే. మీ వాట్సాప్ ఫామ్ వాళ్ళ దాకా పోదు, పోయినా తెలుగు లిపి అడ్డు. వచ్చేది ఓఎమ్మార్ (ఐటీ కంపెనీలున్న రోడ్డు) సాఫ్ట్‌వేర్ కుర్రకారు, ఆంధ్రా నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలు. ఆ లెక్క చూపించి చెన్నై తెలుగువాళ్ళ ఆందోళన ఇంత అంటే తప్పుడు లెక్కే.

కాబట్టి చదివి వినిపించే పద్ధతి. ఎదురుగా కూర్చుంటే నాలుగు గ్లాసుల బొమ్మ కార్డు చేతికివ్వండి: ఖాళీ, కొంచెం నీళ్ళు, సగం, నిండా. ఫోన్లో అయితే నాలుగు ఎంపికలు వినేసరికి మొదటిది మర్చిపోతారు, రెండు మెట్లుగా అడగాలి. "ఈ వారంలో అలా అనిపించిందా?" ఆఁ అంటే "ఎన్ని రోజులు?" అంకె రాసుకుని తర్వాత మీరే 0–3లోకి మార్చుకోండి. మొత్తం పది నిమిషాలు దాటితే వెనక వాక్యాలకి ఒకటే జవాబు వస్తుంది. కాబట్టి వాక్యాల వరుస రెండు మూడు రకాలుగా అచ్చువేయించండి, చివరి వాక్యాలు ఎప్పుడూ అవే కాకుండా.

ఇక్కడి తెలుగులో పదట్టం (గాబరా), పడపడప్పు (గుండె దడ) లాంటి తమిళ మాటలు సహజంగా దొర్లుతాయి. చిన్నచూపు చూడకుండా అడిగేవాళ్ళ చేతిపుస్తకంలో ప్రతి వాక్యం కింద "అర్థం కాకపోతే ఈ మాట వాడొచ్చు" అని అచ్చువేయండి. లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు విడమరిచి చెప్తారు, పదిమంది అడిగితే పది ప్రశ్నావళులు అవుతాయి.

వెనక్కి అనువాదం మీకు అక్కర్లేదు, మీరు తెలుగులోనే పుట్టిస్తున్నారు కదా. తమిళ రూపం చేసేటప్పుడు కావాలి: ఇద్దరు విడివిడిగా అనువదించడం, కూర్చుని కలపడం, మూలం చూడని మూడోమనిషి మళ్ళీ తెలుగులోకి తేవడం, తేడాల మీద చర్చ. జీఏడీ-7కి తెలుగు రూపం ఇప్పటికే ఉంది, వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అది మీరు మళ్ళీ చేయకండి.

భయం దాచుకోవడం అనేది ఇంకో గొడవ. 2020లో చెన్నై కార్పొరేషన్ ఇంటింటికీ మనుషుల్ని పంపి జ్వరం వివరాలు రాయించింది, పాజిటివ్ వచ్చిన ఇళ్ళ ముందు రేకులు కొట్టారు. అలాంటి రోజుల్లో పుస్తకం పట్టుకుని తలుపు తట్టినవాళ్ళకి "మాకేం లేదు" అనే జవాబే వస్తుంది. పలకరింపులోనే జ్వరం లెక్క రాయడానికి రాలేదని, పేరు, ఇంటి నంబరు ఎవరికీ ఇవ్వమని చెప్పాలి. జబ్బు గురించిన ప్రశ్నలు మొదటి పేజీలో వేయమన్నారు పైన. చదివి వినిపించే పద్ధతిలో మాత్రం అవి చివర్లో అడగడమే మంచిది. మొదట్లోనే అడిగితే తలుపు మూసుకుంటుంది.

ఇంట్లో ఎవరు ముందుకొస్తే వాళ్ళనే అడగొద్దు. 18 దాటినవాళ్ళలో ఎవరి పుట్టినరోజు దగ్గరపడిందో వాళ్ళని అడగండి. మొగుడు పక్కనుండగా పెళ్ళాం చెప్పే జవాబు ఆమెది కాదు, ఫోన్ స్పీకర్లో పెట్టినా అంతే. ఎవరెవరు పక్కనున్నారో రాయడానికి ఫారంలో ఒక గడి పెట్టండి.

లెక్కల మావయ్య:

అంకెలు అడిగారు గనక అంకెలే.

నిపుణులు పదిమంది. మనోవైద్యులు, సైకాలజిస్టులు, ఎపిడెమియాలజీ (జబ్బుల వ్యాప్తిని చదివే శాస్త్రం) వాళ్ళు, ఒక భాషా మనిషి, ఒకరిద్దరు క్షేత్రస్థాయి కార్యకర్తలు. ఒక్కో వాక్యానికి రెండు ప్రశ్నలు: తప్పనిసరా కాదా, సంబంధం ఎంత (1–4). మొదటిదానికి లాషే నిష్పత్తి. తప్పనిసరి అన్నవాళ్ళ సంఖ్యలోంచి మొత్తంలో సగం తీసి, ఆ సగంతో భాగించాలి. పదిమందిలో ఎనిమిది అంటే 3/5, అంటే 0.60. లాషే పట్టికలో పదిమందికి కావలసింది 0.62. ఎనిమిది ఓట్లు చాలవు, తొమ్మిది కావాలి. రెండోదానికి 3 లేదా 4 ఇచ్చినవాళ్ళ వంతు 0.78 తగ్గకూడదు. ఆ మొత్తం యాంత్రికంగా పాటించకండి. నిపుణులు కొట్టేసినదాన్ని బృంద చర్చల్లో జనం పదేపదే చెప్పివుంటే ఉంచి పరీక్షించండి, తర్వాత డేటా తేలుస్తుంది.

పైలట్ (ముందస్తు చిన్న పరీక్ష) 30–40 మంది. ఒకే జవాబు 80 శాతం మంది ఇస్తే ఆ వాక్యం దేన్నీ వేరుచేయడం లేదు.

అసలు సర్వేకి రెండు విడి శాంపిళ్ళు, ఒక్కోటి 300 తగ్గకుండా. మొదటిదాని మీద కారకాలు వెతకాలి, రెండోదాని మీద ఆ నమూనా నిలుస్తుందో చూడాలి. ఒకే 300 మీద రెండూ చేయడం పేపర్లలో తరచూ కనిపించే మోసం (కావాలని చేయకపోవచ్చు, అయినా మోసమే). జవాబులు 0–3 మెట్లు కాబట్టి మామూలు పియర్సన్ కాకుండా పాలికోరిక్ సహసంబంధాలు (మెట్ల జవాబుల మధ్య ముడిని కొలిచేవి) వాడండి. కేఎంఓ (డేటా కారకాల విశ్లేషణకి పనికొస్తుందో చెప్పే అంకె) చూసుకోండి, 0.6 కింద అయితే ముందుకు పోకండి. ఎన్ని కారకాలు అన్నదానికి ఐగెన్ విలువ (ఒక కారకం ఎంత వైవిధ్యాన్ని పట్టుకుందో చెప్పే అంకె) 1 దాటితే చాలు అనే పాత సూత్రం ఎక్కువ కారకాలు చూపిస్తుంది, ప్యారలల్ ఎనాలిసిస్ (యాదృచ్ఛికంగా పుట్టించిన డేటాతో పోల్చడం) చేయండి. రొటేషన్ (కారకాలు స్పష్టంగా కనబడేలా తిప్పడం) ఆబ్లిమిన్, అది కారకాల మధ్య ముడిని ఉండనిస్తుంది. భయాలు ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటాయి, వేరిమాక్స్‌తో వాటిని బలవంతాన విడదీయకండి. కారకంతో ముడి (బరువు) 0.40 కంటే తక్కువున్నవీ, రెండు కారకాల మీద దాదాపు సమానంగా కూర్చున్నవీ తీసేయండి. కాకపోతే ఒక్కొక్కటిగా, తీసిన ప్రతిసారీ మళ్ళీ నడిపి. రెండో శాంపిల్‌లో సీఎఫ్ఐ 0.95, ఆర్‌ఎంఎస్‌ఈఏ 0.06, ఎస్‌ఆర్‌ఎంఆర్ 0.08 దగ్గర ఉంటే (నమూనా డేటాకి ఎంత అతికిందో చెప్పే కొలతలివి) బాగున్నట్టు. గణాంకాల సాఫ్ట్‌వేర్లు జమోవీ, ఆర్ రెండూ ఉచితం. పాలికోరిక్ దాకా వెళ్తారు కాబట్టి ఆర్ నేర్చుకోవడమే మంచిది.

ఆల్ఫా గురించి మురిసిపోవద్దు. వాక్యాల మధ్య సగటు సహసంబంధం 0.30 అనే బలహీనమైన సంగతి తీసుకోండి. 7 వాక్యాలైతే ఆల్ఫా 0.75, అదే 24 అయితే 0.91. సరుకు అదే, సంచి పెద్దది. 0.95 దాటితే ఒకే ప్రశ్నని మాటలు మార్చి అడిగారని అనుమానించాలి. ఒమేగా (ఆల్ఫా లాంటిదే ఇంకో కొలత) కూడా ఇవ్వండి, ఉపస్కోరుకి ఉపస్కోరుకి విడిగా.

మళ్ళీ అడిగి చూసే పరీక్షకి 14 రోజులు పుస్తకాల్లో ఉంటుంది. మహమ్మారిలో 14 రోజులంటే ఒక యుగం. 2020 మార్చి 11న డబ్ల్యూహెచ్ఓ మహమ్మారి అని ప్రకటించిన నాటి నుంచి మార్చి 25 లాక్‌డౌన్‌కి సరిగ్గా అంతే. ఆ రెండు తేదీల స్కోర్లు కలవకపోతే తప్పు స్కేలుది కాదు. 5–7 రోజులకి మళ్ళీ అడగండి, "పోయినసారి కంటే మీ భయం పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా" అని కూడా అడిగి, అలాగే ఉందన్నవాళ్ళతోనే ఐసీసీ (రెండుసార్ల స్కోర్లు ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) లెక్కించండి. వాళ్ళే కనీసం 50 మంది మిగలాలి, కాబట్టి 120 మందితో మొదలుపెట్టండి.

ఐసీసీ వచ్చాక వదిలేయకుండా ఒక్క అడుగు ముందుకు. ఉదాహరణకి స్కోరు ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) 6, ఐసీసీ 0.84 అనుకోండి. కొలత దోషం 6 × √0.16 = 2.4. ఒక మనిషిలో నిజంగా మార్పు వచ్చిందనడానికి 1.96 × √2 × 2.4, అంటే దాదాపు 6.7 పాయింట్లు తేడా కావాలి. నాలుగు పాయింట్లు తగ్గాయని ఒకరికి నయమైందని రాయకూడదు. వార్డు సగటుకైతే ఈ అడ్డు లేదు.

కటాఫ్: స్కోరు పంపిణీ చూసి పైనున్న పాతిక శాతాన్ని "తీవ్రం" అనడం కటాఫ్ కాదు. అలా చేస్తే ఏ కాలంలోనైనా పాతిక శాతమే తీవ్రం. స్కోరు తెలియని క్లినీషియన్ కనీసం ఒక ఉపశాంపిల్‌ని ఎంఐఎన్ఐ (మానసిక రుగ్మతల్ని నిర్ధారించే ఇంటర్వ్యూ) లాంటిదానితో చూడాలి, దాన్ని ప్రమాణంగా పెట్టుకుని ఆర్‌ఓసీ (ఏ స్కోరు దగ్గర గీత పెడితే ఎంతమంది సరిగ్గా పట్టుబడతారో చూపే వక్రరేఖ) గీయాలి. అంతా అయ్యాక కూడా: 1000 మందిలో 100 మందికి నిజంగా సమస్య ఉంది, సెన్సిటివిటీ (సమస్య ఉన్నవాళ్ళని పట్టే వంతు) 85 శాతం, స్పెసిఫిసిటీ (సమస్య లేనివాళ్ళని లేదనే వంతు) 80 శాతం అనుకుంటే, దొరికేది 85 మంది. దాంతోపాటు సమస్య లేని 180 మంది కూడా పడతారు. పాజిటివ్ అన్న 265లో మూడోవంతే నిజం. "చెన్నై తెలుగువాళ్ళలో 26 శాతం మందికి ఆందోళన రుగ్మత" అన్న హెడ్‌లైన్ ఇలాగే పుడుతుంది.

పోలిక కోసం జీఏడీ-7 కూడా అదే రోజు అడగండి. సహసంబంధం 0.5–0.7 మధ్య వస్తే బాగుంది. 0.9 వస్తే మీ స్కేలు అక్కర్లేదని అర్థం, జీఏడీ-7 సరిపోతుంది.

పోరూరు పీజీ:

అర్థమైంది, పని మూడింతలైంది. ఒకటే మిగిలింది. ఇప్పుడు మహమ్మారి లేదు కదా, మరి పరీక్షించేది దేని మీద? 2020 ఏప్రిల్‌ను గుర్తుచేసుకుని చెప్పమంటే?

అణ్ణానగర్ మనోవైద్యం:

గుర్తుచేసుకుని చెప్పేది ఇప్పటి మనసు. ఆ తర్వాత 2021లో ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు బతికారు అన్నది ఆ జ్ఞాపకాన్ని తిరగరాసేసింది. వద్దు.

వాక్యాల్లో జబ్బు పేరు చోట ఖాళీ ఉంచి, అక్టోబరు–డిసెంబరు వానల్లో జ్వరాలు లేచినప్పుడు పరీక్షించండి. డెంగీ కాకుండా ఫ్లూ ఎంచుకోండి. డెంగీ దోమతో వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటుకునే భయాన్ని అడిగే వాక్యాలన్నీ అక్కడ చచ్చుబడతాయి. వాక్యాలు అర్థమవుతున్నాయా, చదివి వినిపించే పద్ధతి నడుస్తోందా అన్నంత వరకు దీంతో తేల్చుకోవచ్చు, కారకాల నమూనాకి ఒక తొలి రూపం వస్తుంది. చాలా వాక్యాలకి జవాబులు సున్నా దగ్గరే గుమిగూడతాయి, ఆ ఒక్క కారణంతో వాటిని తీసేయకండి. ఫ్లూకి పడక దొరకదని ఎవరూ భయపడరు, 2021 మేలో అదే అసలు భయం. మావయ్య గారు చెప్పిన 80 శాతం సూత్రాన్ని ఆ గడికి వర్తింపజేయొద్దు. కటాఫ్ మాత్రం థీసిస్‌లో రాయకండి, అది నిజంగా మహమ్మారి వచ్చాక కట్టాల్సింది.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఇప్పుడే తీసుకుని, జబ్బు పేరు మారితే సవరణగా పంపేలా ప్రోటోకాల్‌లో రాసుకోండి. అడిగేటప్పుడు ఎవరైనా బాగా కదిలిపోతే సర్వే ఆపేయాలి, చేతికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉన్న చీటీ ఇవ్వాలి. చావాలనిపిస్తోందా అన్న ప్రశ్నకి అదే రోజు చూసే మనిషి మీ దగ్గర లేకపోతే ఆ ప్రశ్న అసలు పెట్టకండి.

సర్వే సంచి:

ప్రతి పేజీ అడుగున రూపం నంబరు, తేదీ వేయండి. ఒక్క మాట మార్చినా కొత్త నంబరు. పాత కాగితాల కట్ట ఇంకా ఎవరో ఒకరి సంచిలో ఉంటుంది, డేటా ఎక్కించేటప్పుడు ఏ జవాబు ఏ వాక్యానికో తెలియాలంటే అదొక్కటే ఆధారం.